లేబుల్ లేని స్వెట్టర్

మా ఆయన పని జనానికి కారు నడపడం నేర్పడం. ఊళ్ళో సగం మంది ఏదో ఒక రోజు ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. అందరూ ఆయన్ని క్లచ్ మాస్టారు అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు బ్యాంకులో తప్ప ఎక్కడా ఉన్నట్టు లేరు. అటువంటి మనిషికి ఇంట్లో బట్టలు ఉతికే పని అప్పగించాల్సిన గతి నాకు పట్టింది. నేను పనిచేసే మందుల షాపు మెట్ల మీద, వానలో, జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా సిమెంటు కట్టు వేసి, దీన్ని తడపకూడదు, బరువులెత్తకూడదు, ఏదీ పిండకూడదు అన్నాడు డాక్టరు. అవన్నీ తీసేస్తే బట్టలుతకడంలో మిగిలేది పక్కన కూర్చుని చూడటమే. అది నాకు పుట్టుకతోనే చేతకాదు.

"మెషీనుందిగా, నీకెందుకు బెంగ" అన్నారు ఆయన. "గేర్లు కూడా లేని బండి. నేను నడపలేనా?"

వెనక గదిలో, మెషీను ఎదురుగా ఒక స్టూలు వేయించుకుని కూర్చున్నాను. కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో బట్టల బుట్ట చూపించి, పాఠం మొదలుపెట్టాను.

"బట్ట లోపలివైపు, పక్క కుట్టులో, చిన్న తెల్ల పట్టీ ఉంటుంది చూడండి. దాని మీద బొమ్మలుంటాయి. అవి చెప్పినట్టు ఉతికితే చాలు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తన చొక్కా ఒకటి తిరగేసి పట్టీ పట్టుకున్నారు. కాసేపు చూశారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"ఇవి రోడ్డు బోర్డులేనోయ్" అన్నారు. "ఈ మాత్రం దానికి నువ్వు చెప్పేదేముంది."

"అయితే చదవండి."

"ఇదిగో, త్రికోణం. ముందు ప్రమాదం ఉంది, జాగ్రత్త. ఇది ఉత్త గుండ్రం. ఏ వాహనమూ పోరాదు. ఇదేమో తొట్టి, పైన అలలు. ముందు రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని. ఇక ఇది..." అని పట్టీ కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకున్నారు. "ఇది ఓడ. రేవు దగ్గర్లో ఉన్నట్టుంది."

"అది ఇస్త్రీపెట్టె."

"ఇస్త్రీపెట్టెకి చుక్కలుంటాయా?"

"ఒక చుక్క ఉంటే కొంచెం వేడి. రెండుంటే మధ్యరకం. మూడుంటే బాగా కాలాలి."

ఆయన మళ్ళీ పట్టీ చూశారు. నేను అన్నీ చెప్పుకుంటూ వచ్చాను. త్రికోణం అంటే ప్రమాదం కాదు, బట్టకి తెల్లబరిచే మందు వెయ్యొచ్చని అర్థం. దాని మీద అడ్డంగా ఇంటూ గీస్తే వెయ్యకూడదని. ఉత్త గుండ్రం ఉన్న బట్టని డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలి. తొట్టిలో ఉన్న అంకె నీళ్ళు ఎంత వేడి వరకు ఉండొచ్చో చెబుతుంది, కింద గీత ఉంటే మెషీనుని నెమ్మదిగా తిప్పమని, రెండు గీతలుంటే మరీ నెమ్మదిగా అని. చతురస్రంలో గుండ్రం ఉంటే ఆరబెట్టే మెషీనులో వెయ్యొచ్చు. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకాలి.

"నేను ఎవరో మునిగిపోతున్నారనుకున్నాను" అన్నారు ఆయన, చెయ్యి బొమ్మ చూపించి.

"ఇంకా నయం, రక్షించడానికి బయల్దేరలేదు."

నవ్వాను గానీ, నాకు లోపల ఆశ్చర్యంగానే ఉంది. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర నేను ఏదైనా నేర్చుకోవడమే గాని, నేను చెబుతుంటే ఆయన కుదురుగా కూర్చుని వినడం అదే మొదలు. వినడమే కాదు, ఆ పూట నుంచి ఆయనకి అదొక పిచ్చి పట్టుకుంది. నా బట్టలు, ఆయన బట్టలు, కిటికీ పరదాలు, బాత్‌రూములో కాళ్ళు తుడుచుకునే మ్యాటు, వేటికెక్కడ పట్టీ ఉందో వెతికి చదివేశారు. ఇన్నాళ్ళూ నేను పరదాల్ని తప్పు వేడిలో ఉతుకుతున్నానని కనిపెట్టి, "నీ లైసెన్సు రద్దు చెయ్యాలి" అన్నారు. ఏ బట్టకి ఏ బోర్డో వేరు చేసి, కుప్పలు కుప్పలుగా పెట్టి, మెషీను మీట తిప్పేవారు. నిజం చెప్పాలంటే, నాకన్నా శుభ్రంగా ఉతికారు. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే నేను బతకలేను.

ఇలా ఉండగా మా అక్క ఫోన్ చేసింది. నా చెయ్యి చూడ్డానికి వస్తున్నానంది.

అక్క గురించి చెప్పాలి. మా అక్క చేతిలో అల్లిక సూదులు లేకుండా నేను చూసింది తక్కువ. బస్సులో అల్లేది, ఆసుపత్రిలో వరసలో కూర్చుని అల్లేది, సినిమా హాల్లో చీకట్లో కూడా అల్లేది. మా వాళ్ళలో ఆమె అల్లిన స్వెట్టరు తొడుక్కోకుండా చలికాలం దాటినవాళ్ళు లేరు. తర్వాత ఆమె చూపు పోవడం మొదలైంది. మొత్తం పోలేదు, నడిమి భాగం పోయింది. మనిషి మొహం వైపు చూస్తే మొహం ఉండదట, చెవులూ భుజాలూ ఉంటాయట. అందుకని ఎవరితో మాట్లాడినా కొంచెం పక్కకి చూస్తూ మాట్లాడుతుంది. ఆ చూపుతోనే, విప్పుతూ, మళ్ళీ అల్లుతూ, నాకొక స్వెట్టరు చేసి పెట్టింది. ఇటుక రంగు ఉన్ని. ముందువైపు మెడ నుంచి నడుము దాకా రెండు జడలు దిగుతాయి. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇదే ఆఖరిదే, ఇంక నా వల్ల కాదు" అని నవ్వింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "వేసుకుంటున్నావా?" అని అడిగేది. నేనూ వేసుకునేదాన్ని. నేను జారిపడ్డ రోజున ఒంటి మీద అదే ఉంది. మోచేతి దగ్గర బురద అంటింది. కట్టు విప్పాక నా చేత్తో నేనే, చల్లటి నీళ్ళలో, మెల్లగా ఉతుక్కుందామని దాన్ని బాత్‌రూము తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉంచాను. బుట్టలో వెయ్యలేదు. అది మెషీనులో వేసే బట్ట కాదని వేరే చెప్పాలని నాకు తోచలేదు.

మా ఆయనకి మాత్రం, వదినగారు వచ్చేసరికి నేను ఆ స్వెట్టరు తొడుక్కుని ఎదురెళ్తే బాగుంటుందని తోచింది. నన్ను సంతోషపెడదామని, నేను పడుకున్నప్పుడు దాన్ని కొక్కెం మీద నుంచి తీశారు.

నేను లేచి వెనక గదిలోకి వెళ్ళేసరికి ఆయన మెషీను ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ మడతపెట్టిన టవళ్ళు. ఒళ్ళో ఇటుక రంగుది ఒకటి ఉంది. మొదట నేను దాన్ని ఏ పక్కింటి పసివాడి కోటో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక అది నా స్వెట్టరని తెలిసింది. స్వెట్టరు మూడేళ్ళ పిల్లకి కూడా పట్టేలా లేదు. ఉన్ని మందంగా, బిరుసుగా, అట్టలాగా అయిపోయింది. జడలున్న చోట రెండు గట్లు మిగిలాయి.

"పట్టీ కోసం అంతా వెతికాను" అన్నారు ఆయన నావైపు చూడకుండా. "మెడ దగ్గర చూశాను, పక్క కుట్లలో చూశాను, లోపలా బయటా చూశాను. ఎక్కడా లేదు."

"లేకపోతే?"

"బోర్డు లేని రోడ్డు మీద అడ్డేముంటుంది? మామూలుగా పోవచ్చు. టవళ్ళ పట్టీ మీద అరవై ఉంది, వాటితోపాటు వేశాను. ఆరబెట్టింది కూడా మెషీనులోనే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా షాపులో లేబుల్ ఊడిపోయిన సీసాని మేము ముట్టుకోం. లోపల ఉన్నది మంచినీళ్ళేనని ఎవరు ఒట్టేసినా సరే, అది చెత్తబుట్టలోకే పోతుంది. ఏమీ రాసి లేదంటే దాని జోలికి పోవద్దని నాకు తెలిసిన ఒకే ఒక్క అర్థం. ఆయనకేమో ఏమీ రాసి లేదంటే తిన్నగా పొమ్మని. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో కాపురం చేసి, ఈ తేడా ఒక్కసారీ మా మధ్యకి రాలేదు. అరుద్దామని నోరు తెరిచాను. ఆయన మొహం చూశాక అరవలేకపోయాను. నేర్చుకునే పిల్లలు బండి ఎక్కడ గుద్దినా పల్లెత్తు మాట అనని మనిషి ఆయన. తనని తాను తిట్టుకుంటున్నట్టు కూర్చున్నారు.

"వదినగారికి చెప్పేద్దాం" అన్నారు. "గుద్దాక ఆగాలి. దిగాలి. నేనే గుద్దానని చెప్పాలి. మొదటిరోజు నేను నేర్పేదదే."

"మీ బండి సంగతి వేరు. ఆవిడ మా అక్క."

"అక్కే కదా."

"తన చేత్తో చేసిన ఆఖరిదండీ అది. ఇంక కళ్ళు రావు. ఇంకోటి చెయ్యలేదు. ఆ ఒక్కటీ కూడా లేదని నేనెలా చెప్పను? నా వల్ల కాదు."

ఆ రాత్రంతా నేను ఆలోచించాను. అక్క వస్తుంది, అడుగుతుంది. నేను వేసుకుని ఉండాలి. ఆమెకి రంగు ఒక మాదిరిగా తెలుస్తుంది, జడలు చేతికి తెలుస్తాయి. అంతకన్నా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడాలన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పొద్దున్నే ఆయన్ని తీసుకుని బట్టల కొట్లన్నీ తిరిగాను. నాలుగైదు చోట్ల లేదన్నారు. చివరికి ఒక పెద్ద దుకాణం పై అంతస్తులో, ఒక మూల, ఇటుక రంగు స్వెట్టరు కనిపించింది. ముందువైపు రెండు జడలు. కొంచెం సన్నం జడలు, అయినా జడలే. మా ఆయన అలవాటుగా దాన్ని తిరగేసి పట్టీ బయటికి లాగారు. ఎన్ని భాషల్లో రాశారో, ఆ పట్టీ పుస్తకంలో ఆకుల్లాగా ఒకదాని కింద ఒకటి ఉంది.

"ముప్పై. కింద ఒక గీత. ఆరబెట్టే మెషీను వద్దు. ఇస్త్రీకి ఒక్క చుక్క" అని గడగడా చదివారు. కొట్లో అమ్మాయి ఆయనకేసి ఎంతో గౌరవంగా చూసింది. "ఇందులో ఉన్ని ఇంత కూడా లేదు. అంతా ప్లాస్టిక్కు దారం" అన్నారు నాతో, గొంతు తగ్గించి.

"ఫర్వాలేదు. తీసుకోండి."

ఇంటికి వచ్చాక పట్టీ తీసెయ్యమన్నాను. అక్క అల్లినవాటికి పట్టీలుండవు కదా. నాకు కుడి చెయ్యి బాగుంటే బ్లేడుతో కుట్టు విప్పి శుభ్రంగా ఊడదీసేదాన్ని. మా ఆయన కత్తెర పట్టుకున్నారు.

"బోర్డు పీకెయ్యడం నేరం, తెలుసా" అన్నారు.

"కొయ్యండి."

కోశారు. కొత్త వాసన పోవడానికి, చేతికి కొంచెం వాడినట్టు తగలడానికి దాన్ని పట్టుబట్టి ఉతికించాను. ఈసారి ముప్పైలో, ఒక గీత మీద, నెమ్మదిగా ఉతికారు. అన్నీ సరిగ్గానే చేసి కూడా తేలు కుట్టిన దొంగలా తిరిగారు ఇంట్లో.

అక్క రైల్లో వచ్చింది. వాళ్ళబ్బాయి అక్కడ ఎక్కించాడు, ఇక్కడ మా ఆయన దింపుకున్నారు. తలుపు దగ్గర ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడి, నా ఎడమ చెవి వైపు చూస్తూ, "ఏదే, ఎక్కడ విరగ్గొట్టుకున్నావు?" అంది.

చెయ్యి చాపాను. కట్టు మీద వేళ్ళతో ఆ చివర్నుంచి ఈ చివరికి తడిమింది. కట్టు బయట ఉన్న నా వేళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసింది. "కదులుతున్నాయా? మంచిదే" అంది. నా పక్కన సోఫాలో కూర్చుంది. మా ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి పారిపోయారు.

"స్వెట్టరు వేసుకున్నావు. రంగు తెలుస్తోంది" అంది అక్క.

"నువ్వొస్తున్నావని."

"బాగా వెచ్చగా ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

నా భుజం మీద చెయ్యి వేసింది. రైలు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. పక్క సీటులో ఎవరో పెద్దాయన తెరిపి లేకుండా తన మోకాళ్ళ కథ చెప్పాడట. ఆమె చెబుతూనే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను. ఆమె వేళ్ళు మాత్రం నా ఎడమ భుజం మీద జడ వెంట కిందికి దిగాయి, మళ్ళీ పైకి వచ్చాయి. మళ్ళీ దిగాయి. ఏదో పారేసుకున్న మనిషి వెతికినట్టుగా వెతికాయి. తర్వాత నడుము దగ్గరికి వెళ్ళి, అంచు పట్టుకుని, పక్క కుట్టు మీద ఆగిపోయాయి. పెద్దాయన మోకాళ్ళ కథ మధ్యలో ఆగింది.

"ఇక్కడేదో గుచ్చుకుంటోందే" అంది.

"దారం అయ్యుంటుంది."

"దారం కాదు. పట్టీ ముక్క. కత్తెరతో కోశారు, మొదలు ఉండిపోయింది." చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను లేబుల్ ఎప్పుడు కుట్టానే?"

టీ కప్పులతో గుమ్మంలోకి వచ్చిన మా ఆయన అక్కడే నిలబడిపోయారు. తర్వాత ట్రే బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, అక్క ముందుకి వచ్చారు.

"తప్పు నాది వదినగారూ. మీరు చేసింది నేను వేడినీళ్ళలో పాడుచేశాను. మీ చెల్లెలికి దాంతో సంబంధం లేదు."

"మీరాగండి మరిదిగారూ" అంది అక్క. గొంతు పెంచలేదు. "ఉతికింది మీరు. ఇది తొడుక్కుని నా పక్కన కూర్చున్నదెవరు?"

"నేనే" అన్నాను.

"నాకు తెలీదనుకున్నావు."

ఆమె నా చెవి వైపు చూడటం కూడా మానేసి కిటికీ వైపు తిరిగింది.

"నా దాంట్లో భుజం దగ్గర ఒక తప్పుంది. జడ ఎడమకి తిరగాల్సిన చోట కుడికి తిరిగింది. అల్లాక తెలిసింది, విప్పే ఓపిక లేక వదిలేశాను. ఇందాకట్నుంచీ దానికోసమే వెతుకుతున్నాను. ఇందులో ఒక్క తప్పూ లేదు. ఆ తప్పు నీకెప్పుడైనా కనిపించిందా?"

"కనిపించింది."

"చెప్పలేదేం?"

"మనసు రాలేదు."

"చెప్పుంటే విప్పి మళ్ళీ అల్లేదాన్ని కదే."

ఆమె చాలా మామూలుగా చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో నేను పంచదార డబ్బా తీస్తే చేతిలోంచి తీసేసుకుంటారు. మెట్లు దిగుతుంటే ఇటొకరు అటొకరు పట్టుకుంటారు. నేను పప్పు మాడిస్తే, బాగుందమ్మా అని తినేస్తారు. నాకు వాసన రాదా? సూదులు దాచేశారు, కళ్ళకి శ్రమని. వాళ్ళు పిల్లలు, భయపడతారు, వాళ్ళనేం అనను. నువ్వు అలా కాదు. చిన్నప్పట్నుంచి నేనేం చేసినా నా మొహం మీదే చెప్పేదానివి. చేతులు పొట్టిగా వచ్చాయి, మెడ బిగుసుకుంది, ఈ రంగు వేసుకుని వీధిలోకి పోలేనని. నాకెంత ఒళ్ళు మండేదో. ఇప్పుడు నువ్వూ మొదలుపెట్టావు." నావైపు తిరిగింది. "పోయింది నా కళ్ళే. చేతులు కూడా పోయాయనుకున్నావా?"

నేను ఏడ్చేశాను. ఆమె చెప్పినదాంట్లో కాదనడానికి వీసమెత్తు లేదు. ఆమెని నొప్పించకూడదనుకున్నాను. ఆ అనుకోవడంలోనే, మా ఇంట్లోకి నడిచివచ్చిన మనిషిని, నాకు స్వెట్టర్లు తొడిగి పెంచిన మనిషిని, మాయ చేసి పంపించగలిగే మనిషిగా లెక్కగట్టాను. తప్పయిపోయిందక్కా అన్నాను. ఆమె ఊరుకోమనలేదు, ఏడవనిచ్చింది.

కాసేపటికి, "అసలుది ఉందా, పారేశారా?" అంది.

నేనైతే ఎక్కడుందో కూడా చూడలేదు. మా ఆయన బయటికి వెళ్ళి, కారు డిక్కీలోంచి ఒక సంచి తెచ్చారు. పారెయ్యడానికి ఆయనకి చేతులు రాలేదట. సంచిలోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. అక్క దాన్ని రెండు చేతులతోనూ తడిమింది. పొట్టి చేతులు, బిగుసుకున్న మెడ, జడలుండాల్సిన చోట గట్లు. భుజం దగ్గర చాలాసేపు వెతికింది. తప్పు కూడా ఉన్నిలో కలిసిపోయినట్టుంది, దొరకలేదు.

"ఎంత వేడి?"

"అరవై అండీ" అన్నారు మా ఆయన.

"ఆరబెట్టే మెషీనులో కూడానా?"

"కూడానండీ."

"అసలెందుకు వేశారు?"

ఆయన చెప్పారు. పట్టీ కోసం వెతికిన సంగతి, బోర్డు లేని రోడ్డు సంగతి, ఉన్నదున్నట్టు, నిలబడే చెప్పారు. అక్క వింటూ వింటూ పెదవి బిగబట్టింది. చివరికి ఆపుకోలేక నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. అవి ఏ నీళ్ళో నేను అడగలేదు.

"పోనీలెండి" అంది, ముక్కు తుడుచుకుని. "పోయింది పోయింది. నాకు బాధగానే ఉంది, లేదని అబద్ధం ఎందుకు." పొట్టి స్వెట్టర్ని మడతపెట్టి పక్కన పెట్టింది. చల్లారిన టీ తీసుకుని తాగింది. "చక్కెర ఎక్కువైంది" అంది. మా ఆయన అవునండీ అన్నారు.

ఆ సాయంత్రం అక్కకి నేను ఏదైనా అందించబోతే, "అక్కడ పెట్టు, నేను తీసుకుంటాను" అంది. నేను అక్కడ పెట్టాను. గ్లాసు కోసం ఆమె చెయ్యి బల్ల మీద అటూ ఇటూ వెతుకుతుంటే అందించకుండా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. దొరికింది. తాగింది. అంతే.

మర్నాడు పొద్దున్న, తల దువ్వుకుంటూ, "మీ ఊళ్ళో ఉన్ని ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది.

కళ్ళకి శ్రమ కదా అనే మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "స్టేషను దారిలో ఒక కొట్టుంది" అన్నాను.

"లావు దారం కావాలి. లావు సూదులు. జడలు గిడలు వద్దు, సాదాగా పోతాను. వేళ్ళకి లెక్క తెలుస్తుంది. ఎక్కడైనా కుట్టు జారితే నువ్వు చెప్పాలి."

"చెప్తాను."

"వినడానికి బాగుండేటట్టు కాదు."

"మొహం మీదే చెప్తాను."

"వదినగారూ" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి, "ఈసారి దాన్ని ఎలా ఉతకాలో ముందే చెప్పండి."

"మీరు దాని దరిదాపులకి రాకండి. అదే చెప్పేది."

ఆయన బుద్ధిగా తలూపి కారు తియ్యడానికి వెళ్ళారు. అక్క దువ్వెన పెట్టేసి లేచింది.

"ఇలా రా. నిలబడు" అంది. "టేపు తెస్తావేమో, అవసరం లేదు. నాకు అంకెలు కనబడవు."

నేను ఆమె ఎదురుగా నిలబడ్డాను. ఆమె అరచేతులు నా మెడకి రెండు పక్కలా ఆనించింది. అక్కడ్నుంచి భుజాల చివర్ల దాకా జరిపింది. జానతో వీపు కొలిచింది. ఎడమ చెయ్యి పొడుగునా మణికట్టు దాకా వచ్చింది. కుడి చెయ్యి మీద, కట్టు దాకా వచ్చి, కట్టు మీదుగా వెళ్ళి, బయట ఉన్న నా వేళ్ళ దగ్గర ఆగింది. కట్టు తీస్తే ఇంత లావుండదు కదా అని తనలో తను లెక్క వేసుకుంది. తర్వాత నడుము చుట్టూ చేతులు వేసింది. వేళ్ళు వెనక కలుసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆమె చెంప నా చెంపకి తగిలింది. చిన్నప్పుడు మా ఇంట్లో నాకు స్నానం చేయించి తుడిచిన చేతులు ఇవే. ఆ చేతులకి నేను కొత్తగా తెలుస్తున్నానని, నాకు దాచుకోవడానికి ఏమీ మిగల్లేదని నాకు అనిపించింది. ఎంతో సుఖంగా ఉంది.

"పాత కొలత పనికిరాదు" అంది అక్క. "లావయ్యావే."

"తెలుసు."

"చాలా లావయ్యావు."

"తెలుసన్నానుగా."

"కదలకు" అంది. మళ్ళీ మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది.